దివాలా తీసిన ఖరీదైన కార్ల కంపెనీకి విలువ కట్టేదెలా? అచ్చులు, సగం కార్లు, ఒక పేరు

హన్మకొండ మెకానికల్ · సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. పాత కార్ల వేదికలో ఈ దివాలా గోల ఎందుకని విసుక్కోవద్దు, చివరికి ఇది కార్ల సంగతే.

రిజిస్టర్డ్ వేల్యూయర్, అంటే ఆస్తులకు విలువ కట్టే మనిషి, ఆ పరీక్షకు చదువుతున్నాను. అందులో భూములు భవనాలు, యంత్రాలు, షేర్ల వంటి ఆర్థిక ఆస్తులు అని మూడు విభాగాలుంటాయి. నాది యంత్రాలు. శిక్షణలో ఒక ఊహా కంపెనీ లెక్క ఇచ్చారు. ఏడాదికి రెండు మూడు వందలకు మించకుండా ఖరీదైన కార్లు చేసే కంపెనీ అప్పులు తీర్చలేక లిక్విడేషన్‌లోకి, అంటే ఆస్తులు అమ్మి అప్పులవాళ్లకు పంచే దశలోకి వెళ్లింది. షెడ్డులో పూర్తయిన కార్లు 6, సగంలో ఆగినవి 17, బాడీ రేకులు ఒత్తే డైలు 42, నిండా విడిభాగాలున్న గోదాము, కంప్యూటర్లలో డ్రాయింగులు ఉన్నాయి. కంపెనీకి ఒక పేరు, బానెట్ మీద పెట్టే ఒక ముద్ర ఉన్నాయి. స్థలం బ్యాంకు తాకట్టులో ఉంది.

డైలతో మొదలుపెట్టాను. కొత్తగా చేయిస్తే ఎంతవుతుందో వేసి, వయసుకు తగ్గ తరుగు తీసేస్తే 11 కోట్లు వచ్చింది. మా మాస్టారు కాగితం చూసి "ఎవరు కొంటారు?" అని అడిగి వెళ్లిపోయారు. రెండు రోజులుగా ఆ ప్రశ్న దగ్గరే కూర్చున్నాను.

మడికొండ పాత ఇనుము · సోమవారం, రాత్రి 10.05

నేను కొంటాను. కిలోల లెక్కన.

ముప్పై ఏళ్లుగా మూతపడిన షెడ్లకు తిరుగుతున్నాను తమ్ముడూ. డై అంటే పోత ఇనుము. దాని ముఖం అద్దంలా మెరుస్తూ ఉండవచ్చు, కాటా మీద ఆ మెరుపు తూగదు. ఒక్కొక్కటి నాలుగు టన్నులనుకో, 42 డైలు 168 టన్నులు. లెక్క కోసం టన్నుకు ముప్పై వేలు వేసుకో. యాభై లక్షల చిల్లర. క్రేను బాడుగ, కోతకు గ్యాసు, లారీ కిరాయి అందులోనుంచే పోవాలి. నీ 11 కోట్లకూ నా యాభై లక్షలకూ మధ్య ఉన్నదేమిటో చెప్పగలిగితే నువ్వు పరీక్ష పాసైనట్టే.

వడ్డేపల్లి చెరువు కట్ట · సోమవారం, రాత్రి 10.11

పదిన్నర కోట్ల మెరుపు.

టూల్‌రూం మనిషి · సోమవారం, రాత్రి 11.30

పెద్దాయన చెప్పింది నిజమే, కానీ సగమే. నేను డైలు చేసి బతికినవాణ్ని. ఆ రేకు ఇంకా ఎవరికో కావాలి, ఆ డైని మోసి రేకు ఒత్తే ప్రెస్సు దొరకాలి, ఒత్తిన రేకు కొలత సరిచూసే ఫిక్చర్ డైతోపాటే చేతికి రావాలి. ఈ మూడూ కుదిరితే అది యంత్రం. ఒక్కటి తప్పినా మడికొండ అన్న చెప్పిన ధరే.

అమెరికాలో కార్డ్ 810, 812 అని కార్లు వచ్చేవి. 1937లో వాటి తయారీ ఆగిపోయింది. బాడీ డైలను హప్‌మొబైల్ వారు తీసుకున్నారు, తర్వాత గ్రాహం కంపెనీ చేయి కలిపింది. వాటితో స్కైలార్క్, హాలీవుడ్ అని రెండు కార్లు వచ్చాయి. డైలు చవకగా వచ్చాయి కానీ ఆ బాడీ చేయడం చవక కాలేదు. పైకప్పును చిన్న చిన్న ముక్కలుగా ఒత్తి, అతికి, అరగదీయాల్సిన రూపం అది. రెండు కార్లూ త్వరలోనే ఆగిపోయాయి. అచ్చు కొన్నవాడు అచ్చులో ఉన్న కష్టాన్ని కూడా కొంటాడు.

ఇంకో ముచ్చట. ఉత్తర ఐర్లండ్‌లోని డన్‌మరీలో డిలోరియన్ కార్ల ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. తుప్పు పట్టని ఉక్కు రేకుల బాడీ, రెక్కల్లా పైకి లేచే తలుపులు. ఆ రేకులు ఒత్తిన డైలలో కొన్ని ఐర్లండ్ పడమటి తీరంలో చేపల పెంపకం వలలకు లంగరు బరువులుగా సముద్రంలోకి వెళ్లాయి. కాబట్టి మడికొండ అన్న కంటే తక్కువ ధర పెట్టేవాళ్లూ ఉంటారు.

మడికొండ పాత ఇనుము · మంగళవారం, ఉదయం 6.50

సముద్రంలో పడేసేముందు నాకు ఫోను చేయాల్సింది.

టూల్‌రూం మనిషి · మంగళవారం, ఉదయం 7.20

రాత్రి నిద్ర ముంచుకొచ్చి అసలు సంగతి రాయలేదు. తమ్ముడూ, పుస్తకం లెక్కకు ముందు ఒకసారి షెడ్డులోకి వెళ్లి చూడాలి.

మూడేళ్ల కిందట మూతపడిన ఒక షెడ్డులో డైలు చూడమని పిలిచారు. ఊరు, పేరు వద్దు. పైన రేకు చిల్లుపడి వాన నీళ్లు సరిగ్గా డైల వరుస మీద కారుతున్నాయి. పావురాల రెట్ట వేలెడు మందాన ఉంది. జాబితాలో "తలుపు, కుడి, లోపలి రేకు, ఒక సెట్టు" అని ఉంది, ఎదురుగా 38 లక్షలు. డై మీద సుద్దతో అదే నంబరు రాసి ఉంది. తీగ బ్రష్షుతో రుద్దితే, పై సగం ఎడమ తలుపుది, కింది సగం కుడి తలుపుది. రెండూ వేర్వేరు సెట్లలోని ఒంటి ముక్కలు. నాలుగు మూలల గైడు స్తంభాలు ఉన్నాయి, వాటికి తొడిగే కంచు బుష్షులు మాత్రం ఎవరో ముందే ఊడదీసుకుపోయారు. ఇంకాస్త రుద్దితే పక్క గోడ మీద అరచేతంత ఇత్తడి రేకు బయటపడింది. దాని మీద వేరే కంపెనీ పేరు, "మా సొత్తు" అనే ముద్ర.

అంటే 38 లక్షల ఆస్తి అసలు ఆ కంపెనీ ఆస్తే కాదు. పని చేసిపెట్టమని ఎవరో ఇచ్చిన అచ్చు అది.

కరీంనగర్ విశ్రాంత మేనేజరు · మంగళవారం, ఉదయం 10.15

టూల్‌రూం గారి ఇత్తడి రేకు దగ్గరే నేనూ మొదలుపెడతాను. బాబూ, నీ కాగితంలో డైల ధర కంటే ముందు ఆస్తుల జాబితానే తప్పు. షెడ్డులో ఉన్నదంతా కంపెనీది కాదు. 2016 దివాలా చట్టంలో 36వ సెక్షన్ తీసి చదువు. ఇతరుల సొత్తు కంపెనీ దగ్గరుంటే అది లిక్విడేషన్ ఆస్తిలోకి రాదు. కార్మికుల ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ నిధులూ రావు.

తర్వాత స్థలం. తాకట్టు పెట్టుకున్న బ్యాంకుకు రెండు దారులున్నాయి. హామీ వదులుకుని అందరితోపాటు పంక్తిలో కూర్చోవచ్చు. లేదా 52వ సెక్షన్ కింద పంక్తికి బయట నిలబడి స్థలాన్ని తానే అమ్ముకోవచ్చు. రెండోదే ఎంచుకుందనుకో, ప్రెస్సులను ఉన్నచోటే ఉంచి ఫ్యాక్టరీ నడుపుతాననే కొనుగోలుదారు వాటిని ఎక్కడ పెట్టుకోవాలి? పునాదులు తవ్వి ప్రెస్సు కదిలించే ఖర్చు ఒక్కోసారి ప్రెస్సు ధరను మించుతుంది. ఒకే యంత్రం కింద ఉన్న నేలతో కలిపి అమ్మితే ఒక విలువ, నేల లేకుండా మరో విలువ.

చట్టం ఇద్దరు రిజిస్టర్డ్ వేల్యూయర్లను పెట్టమంటుంది, వారి అంచనాల సగటు తీసుకుంటారు. ఆ సగటు నుంచి రిజర్వు ధర, అంటే వేలంలో అంతకు తక్కువకు ఇవ్వని ధర వస్తుంది. మొదటి వేలంలో ఎవరూ పాడకపోతే 25 శాతం దాకా, తర్వాత ప్రతిసారీ 10 శాతం దాకా తగ్గించవచ్చు. నూరు రూపాయలు 75 అవుతుంది, తర్వాత అరవై ఏడున్నర. ఈ లెక్క నీకూ నాకూ తెలిసినట్టే కొనేవాడికీ తెలుసు. అందుకే మొదటి వేలానికి రాడు. రెండోదానికి వచ్చి గడప దగ్గర నిలబడతాడు.

పరకాల ప్రశ్న · మంగళవారం, మధ్యాహ్నం 1.00

సార్, వేలం అంటేనే పోటీ కదా? ఏనుమాముల యార్డులో మిర్చి ధర అలాగే తేలుతుంది.

కరీంనగర్ విశ్రాంత మేనేజరు · మంగళవారం, మధ్యాహ్నం 2.30

మిర్చికి వ్యాపారులు ఎంతమంది ఉంటారో చూశావు కదమ్మా. ఒకరు కాకపోతే ఇంకొకరు ధర పెడతారు, పొద్దున్నే బస్తాలు ఖాళీ. దివాలా తీసిన కార్ల కంపెనీకి ప్రపంచమంతా వెతికితే ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. వాళ్లలో ఒకడి చేతిలో ఆ కంపెనీ అప్పు పత్రమే ఉంటే రెండోవాడు రావడానికే జంకుతాడు.

అమెరికాలో ఫిస్కర్ సంగతి తెలుసా? కర్మ అనే ఖరీదైన హైబ్రిడ్ కారు చేసేవారు. ఆ దేశ ఇంధన శాఖ 52.9 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసి 19.2 కోట్లు ఇచ్చాక ఆపేసింది. 2013లో సుమారు 16.8 కోట్ల బాకీ మిగిలి ఉండగా, ఆ అప్పు పత్రాన్ని హైబ్రిడ్ టెక్ అనే సంస్థ 2.5 కోట్లకే కొనుక్కుంది. తర్వాత కోర్టుకు వచ్చి "నాకు రావాల్సిన బాకీలోంచి 7.5 కోట్లు తగ్గించుకుంటాను, కంపెనీ నాకివ్వండి" అంది. నగదు తేనక్కర్లేదు, అప్పే పాట. అది ఒప్పుకుంటే ఎదుటివాడు నోట్లు లెక్కపెట్టి తెచ్చినా ఏం లాభం? డెలావేర్ దివాలా కోర్టు జడ్జి ఆ అప్పు పాటకు 2.5 కోట్ల దగ్గర గీత గీశారు. దాంతో చైనా విడిభాగాల సంస్థ వాన్‌షియాంగ్ రంగంలోకి దిగింది. 2014 ఫిబ్రవరిలో పాట 14.92 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది.

డైలు అవే, డ్రాయింగులు అవే. పాట నియమం ఒక్కటి మారితే ధర రెట్టింపయింది. నీ పరీక్షలో ఈ ప్రశ్న రాదు కానీ నీ ఉద్యోగంలో వస్తుంది.

నిజామాబాద్ గ్యారేజీ · మంగళవారం, రాత్రి 8.45

మీరంతా ఇనుము, నేల, అప్పు అంటున్నారు. పేరు సంగతి ఎవరూ మాట్లాడరేమిటి? ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగింది. 2017లో ఒక్క ఆ పేరును ఫ్రాన్స్ పెజో వారు 80 కోట్లకు కొన్నారు. ఒక బోల్టు కూడా రాలేదు, పేరు మాత్రమే. నా గ్యారేజీలో మూడు అంబాసిడర్లున్నాయి, మూడూ కలిపి అమ్మినా ఆ పేరులో ఒక అక్షరం రాదు.

రోల్స్‌రాయిస్ కథ ఇంకా గమ్మత్తు. 1998లో విక్కర్స్ అనే సంస్థ దగ్గర ఆ కార్ల కంపెనీని ఫోక్స్‌వాగన్ 43 కోట్ల పౌండ్లకు కొన్నది. క్రూ ఊళ్లోని ఫ్యాక్టరీ వచ్చింది. బానెట్ మీద రెక్కలు చాచిన బొమ్మ వచ్చింది, గుడి ముఖద్వారంలాంటి ఆ గ్రిల్లు ఆకారం మీద హక్కు వచ్చింది. పేరు మాత్రం రాలేదు! 1971లో అసలు రోల్స్‌రాయిస్ దివాలా తీసినప్పుడు విమాన ఇంజిన్ల భాగం ప్రభుత్వానికి పోయింది, తర్వాత కార్ల భాగం విడిపోయింది. పేరు మీద హక్కు ఇంజిన్ల కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ఆ కంపెనీ పేరును బీఎండబ్ల్యూకు 4 కోట్ల పౌండ్లకు ఇచ్చింది. 43 కోట్లు పోసినవాడికి ఇల్లు, దేవుడి గది దక్కాయి. ఇంటిపేరు 4 కోట్లు ఇచ్చినవాడికి. చివరికి రాజీ కుదిరి 2003 నుంచి రోల్స్‌రాయిస్ బీఎండబ్ల్యూ చేతికి వెళ్లింది, బెంట్లీ ఫోక్స్‌వాగన్‌కు మిగిలింది.

తమ్ముడూ, నీ ఊహా కంపెనీలో పేరు ఎవరిదో రాసి ఉందా?

హన్మకొండ మెకానికల్ · మంగళవారం, రాత్రి 9.20

రాసి లేదన్నా. నేను పేరు కంపెనీదే అనుకుని, అదే పేరును ఇంకొకరు అద్దెకు వాడుకుంటే ఏటా ఎంత రాయల్టీ కట్టాలో ఊహించి, దాన్ని నేటి విలువకు కుదించి 26 కోట్లు వేశాను.

వడ్డేపల్లి చెరువు కట్ట · మంగళవారం, రాత్రి 9.24

అద్దెకు దిగేవాడు లేని ఇంటికి అద్దె.

మొడెనాలో జగిత్యాల · బుధవారం, తెల్లవారు 3.10 (ఇక్కడ ఇంకా మంగళవారం రాత్రే)

గ్యారేజీ అన్న పేరు మాట ఎత్తారు కనుక నేనూ ఒకటి చెబుతాను. పని మీద రోజూ ఇటలీలోని మొడెనా నుంచి ఏ22 రహదారి మీద వెళ్తాను. కాంపోగలియానో దగ్గర రోడ్డు పక్కనే నీలం రంగు ఫ్యాక్టరీ కనిపిస్తుంది, గోడ మీద పెద్ద ముద్ర. బుగాటి. దాన్ని ఇక్కడివాళ్లు నీలం ఫ్యాక్టరీ అనే పిలుస్తారు.

రొమానో అర్టియోలి అనే వ్యాపారి 1987లో బుగాటి పేరు హక్కులు సంపాదించి, 1990లో ఈ ఫ్యాక్టరీ తెరిచాడు. బుగాటి కంపెనీ పెట్టిన ఎటోరె బుగాటి పుట్టి 110 ఏళ్లయిన రోజున, 1991 సెప్టెంబరు 15న, ఈబీ110 కారును లోకానికి చూపించాడు. మూడున్నర లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజిన్, దానికి నాలుగు టర్బోలు, కార్బన్ చట్రం. అది చాలక 1993లో ఇంగ్లండు లోటస్‌ను కూడా కొన్నాడు. 1995 సెప్టెంబరులో దివాలా.

నాకు ఆసక్తి కలిగించేది ఆ తర్వాత జరిగిన పంపకం. సగంలో ఆగిన కార్లను, విడిభాగాలను జర్మనీలో రేసు కార్లు చేసే డావర్ కొనుక్కుని, న్యూరెంబర్గ్‌లో కొన్నింటిని పూర్తి చేసి అమ్మాడు. పేరు వేరే దారిలో 1998లో ఫోక్స్‌వాగన్‌కు వెళ్లింది, వాళ్లు ఫ్యాక్టరీని ఫ్రాన్స్‌లోని మోల్సైమ్‌లో పెట్టుకున్నారు. ఈ భవనాన్ని ఒక ఫర్నిచర్ కంపెనీ కొన్నది, అది అడుగుపెట్టకముందే తానే దివాలా తీసింది. ఒకే కారు కంపెనీ మూడు ముక్కలై మూడు దేశాల్లో మూడు ధరలకు పోయింది. ఖాళీ భవనానికి ఏళ్ల తరబడి ఒక కాపలాదారు గడ్డి కోయించి తాళాలు వేస్తూ ఉండిపోయాడు. ఆ కాపలాకు ఏ జాబితాలోనూ విలువ కట్టినట్టు లేదు.

టూల్‌రూం మనిషి · బుధవారం, ఉదయం 7.00

డావర్ కొన్నది అందుకే చెల్లింది. అతనికి సొంత వర్క్‌షాపు, పని తెలిసిన మనుషులు ఉన్నారు. మన మెకానికల్ తమ్ముడి 17 సగం కార్లను ఎవరు పూర్తి చేస్తారు?

హన్మకొండ మెకానికల్ · బుధవారం, ఉదయం 8.10

ఎంత శాతం పని పూర్తయిందో చూసి, అమ్మకం ధరలో అంత శాతం వేశాను. 60 శాతం అయిన కారుకు 60 శాతం.

నిజామాబాద్ గ్యారేజీ · బుధవారం, ఉదయం 9.30

అయ్యో తమ్ముడూ! మిగిలిన 40 శాతంలో గేర్‌బాక్సు ఉందనుకో. అది ఇచ్చే సరఫరాదారు కంపెనీ దగ్గర పాత బాకీలో మునిగి ఉన్నాడు. "ముందు అది తీర్చండి, తర్వాత కొత్తది" అంటాడు. అప్పుడు నీ 60 శాతం కారు విలువ సీట్లు, చక్రాలు ఊడదీసి అమ్మితే వచ్చేంత.

సరే, ఎలాగో పూర్తి చేశావు. రవాణా కార్యాలయంలో రిజిస్ట్రేషను కావాలంటే బండి రోడ్డుకు తగినదని తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలి. దాని మీద సంతకం ఎవరు పెడతారు? తయారీదారు లేడు కదా. బీఎస్ 4 అనే పాత కాలుష్య ప్రమాణపు ఇంజిన్ బిగించి ఉంటే 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో దాన్ని కొత్త బండిగా అమ్మే వీలే లేదు. ఆ కారు ఇక మ్యూజియానికి, లేదా ఏ పెద్దమనిషి హాలులోనో బొమ్మగా నిలబెట్టడానికి పనికొస్తుంది.

నా లెక్కలో ఆ షెడ్డులో అన్నింటికంటే గట్టి ఆస్తి విడిభాగాల గోదాము. డిలోరియన్ కార్లు తొమ్మిది వేల దాకా తయారయ్యాయి. కంపెనీ పోయింది, కార్లు పోలేదు. మిగిలిన భాగాలను ఒహాయోలోని ఒక సంస్థ కొన్నది. 1997లో ఆ నిల్వ టెక్సాస్‌కు చేరింది, అక్కడ దశాబ్దాలుగా అమ్ముతూనే ఉన్నారు. తలుపు రబ్బరు, అద్దం బిగింపు, వెనక దీపం గాజు... ఈ మూడూ దొరకక నేను ఒక పద్మిని కారును పద్నాలుగు నెలలు ఆపాను. రబ్బరు ముక్క కోసం కస్టమరు ఎంతైనా ఇస్తానన్నాడు. బ్రేకు డ్రమ్ము కోసం అనలేదు, అది ఎక్కడైనా చెక్కించుకోవచ్చు. గోదాములో బరువు చూడకు, ఇంకెక్కడా చేయించలేని వస్తువు ఏదో చూడు.

మడికొండ పాత ఇనుము · బుధవారం, ఉదయం 9.41

ఈ మాట ఒప్పుకుంటాను. రబ్బరు నేను తూకానికి కూడా తీసుకోను.

కరీంనగర్ విశ్రాంత మేనేజరు · బుధవారం, ఉదయం 11.00

గ్యారేజీ వారి గోదాము లెక్క బాగుంది కానీ అది నలభై ఏళ్ల వ్యాపారం. లిక్విడేటర్‌ను ఏడాదిలో పని ముగించమంటుంది నియమం. రబ్బరును ఒక్కొక్కటిగా అమ్ముకునే ఓపిక ఉన్న ఒక్కరికి గోదామంతా గుత్తగా ఇచ్చేయాలి. ఆ ఒక్కడు తన ఓపికకు, గోదాము అద్దెకు, వడ్డీకి కోత వేసుకునే ధర చెబుతాడు. ఆ కోత వేల్యూయర్ ముందే వేయాలి.

పరకాల ప్రశ్న · బుధవారం, మధ్యాహ్నం 12.20

ముందుగా డబ్బు కట్టి కారు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల సంగతి? పూర్తయిన ఆరు కార్లలో ఒకటి తమదే అంటారు కదా.

కరీంనగర్ విశ్రాంత మేనేజరు · బుధవారం, మధ్యాహ్నం 12.50

అనడం వేరు. ఛాసిస్ నంబరుతో ఇన్వాయిసు అయి, యాజమాన్యం చేతులు మారి ఉంటే వాదించవచ్చు. ఒట్టి అడ్వాన్సు రసీదైతే హామీ లేని అప్పులవాళ్లలో ఒకరు, పంక్తిలో చివరి ఆకు దగ్గర. పాయసం అక్కడిదాకా రావడం నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో రెండుసార్లు చూశాను.

గోదావరి ఒడ్డు · బుధవారం, రాత్రి 10.30

ఇంతసేపు చదివి ఊరుకుందామనుకున్నాను. పంక్తి మాట వచ్చాక ఆగలేకపోయాను.

మా నాన్న ఒక మిల్లులో ఇరవై ఆరేళ్లు ఫిట్టరు. పేరు రాయను. మిల్లు ఆగిన తర్వాత కూడా రెండేళ్లు రోజూ పొద్దున సైకిలు మీద గేటు దాకా వెళ్లి వచ్చేవాడు. విలువ కట్టేవాళ్లు కారులో వచ్చినప్పుడు కార్మికుల్లో ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఏ మోటారు కాలిపోయి చుట్టించారో, ఏ పంపు లోపల కొత్తదో మా నాన్నకు తెలుసు. జాబితాలో అది తలకిందులుగా రాసుకుని వెళ్లారు. కొత్త పంపు తుక్కు కింద పోయింది.

చట్టంలో కార్మికుల వరుస మరీ కింద లేదు. 53వ సెక్షన్‌లో ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు. ఆ వెంటనే లిక్విడేషన్‌కు ముందు 24 నెలల కార్మికుల బకాయిలు, హామీ వదులుకున్న బ్యాంకులతో సమానంగా. మిగతా ఉద్యోగుల జీతాలు పన్నెండు నెలలవి, దాని తర్వాతి వరుస. కాగితం మీద మంచి చోటే. కానీ మా నాన్నకు జీతాలు ఆగింది మిల్లు ఆగినప్పుడు. లిక్విడేషన్ ఆదేశం వచ్చేసరికి ఏళ్లు గడిచాయి. ఆ 24 నెలల కిటికీలో మా నాన్న పని చేసిన నెల ఒక్కటీ పడలేదు. లాయరు ఎంత వాదించాడో నాకు తెలుసు.

తమ్ముడూ, మీరు రేపు నిజం షెడ్డుకు వెళితే గేటు దగ్గర నిలబడిన పాత ఫిట్టరును ఒకరిని లోపలికి తీసుకెళ్లండి. లెక్క బాగా వస్తుంది.

టూల్‌రూం మనిషి · బుధవారం, రాత్రి 10.55

అక్కా, నేను చూసిన ఆ ఇత్తడి రేకు సంగతి కూడా గేటు దగ్గరి మనిషే చెప్పాడు. "పక్క గోడ రుద్ది చూడండి సార్" అన్నాడు. నేను నా గొప్పగా రాసుకున్నాను.

కరీంనగర్ విశ్రాంత మేనేజరు · గురువారం, ఉదయం 9.00

అమ్మా, మీరు చెప్పిన ఆలస్యమే అసలు జబ్బు. మన వైపే రెండు దారులూ చూశాము. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి, దివాలా చట్టం కింద 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లి మళ్లీ కాగితం తీసింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో ఆగింది, ఆ తర్వాత లిక్విడేషన్ ఆదేశం వచ్చింది. నడిచే ఫ్యాక్టరీగా అమ్మితే ఫిట్టరుకు తెలిసినదానికి కూడా ధర వస్తుంది. ముక్కలుగా అమ్మితే రాదు.

మొడెనాలో జగిత్యాల · గురువారం, మధ్యాహ్నం 1.15

నడిచే కంపెనీగా అమ్మడానికి కొనేవాడుంటే చాలదు సార్. స్వీడన్ సాబ్‌కు 2011లో చైనా నుంచి కొనేవాళ్లు వచ్చారు. కానీ ఆ కార్లలోని చాలా సాంకేతికత జనరల్ మోటార్స్‌ది. చైనా వాళ్లకు దాన్ని ఇవ్వం అని వాళ్లు అడ్డం పడ్డారు. డిసెంబరు 19న సాబ్ దివాలా పిటిషన్ వేసింది. 2012లో కొన్న కొత్త కంపెనీకి కూడా సరికొత్త 9-5 కారు హక్కులు రాలేదు. ఊళ్లో ఉన్న సాబ్ మ్యూజియం కార్లను మాత్రం ట్రోల్‌హట్టన్ పురపాలక సంఘం ఇంకో ఇద్దరితో కలిసి మొత్తంగా కొని చెదరకుండా కాపాడుకుంది.

హసన్‌పర్తి కోడ్ · గురువారం, రాత్రి 9.50

ఈ తరం కార్లకు ఇంకో తలనొప్పి కలపండి. అదే ఫిస్కర్ పేరుతో వచ్చిన రెండో కంపెనీ 2024 జూన్‌లో దివాలాకు వెళ్లింది. మిగిలిన మూడు వేల పైచిలుకు ఓషన్ కార్లను న్యూయార్క్‌లోని ఒక అద్దె కార్ల సంస్థకు గరిష్ఠంగా 4.625 కోట్ల డాలర్లకు అమ్మారు. ఒక్కోటి సుమారు 14 వేల డాలర్లు పడింది. తీరా చూస్తే కార్లు మాట్లాడేది కంపెనీ సర్వర్‌తో. ఆ సమాచారాన్ని కొనుగోలుదారు సర్వర్‌కు మార్చడం కుదరదని తేలి మళ్లీ కోర్టుకెక్కారు. మెకానికల్ అన్నా, మీ లెక్కలో సర్వర్ ఎవరిదో కూడా చూడండి.

వడ్డేపల్లి చెరువు కట్ట · గురువారం, రాత్రి 9.58

రబ్బరు దొరకని పద్మినే నయం. తాళం తిప్పితే ఎవరినీ అడగకుండా స్టార్టవుతుంది.

నిజామాబాద్ గ్యారేజీ · గురువారం, రాత్రి 10.02

చలికాలం రా, చూపిస్తాను.

హన్మకొండ మెకానికల్ · శుక్రవారం, రాత్రి 11.10

కాగితమంతా చించి మళ్లీ రాశాను. ముందు ప్రతి వస్తువు పక్కన ఒక గడి, "ఎవరిది?". పేరు కంపెనీదేనని పత్రం చేతికి వచ్చేదాకా విలువ సున్నా అని రాసి, వస్తే ఎంతో విడిగా చూపించాను. సగం కార్లను విడిభాగాల కింద వేశాను, ఫారం 22 ఇవ్వగల తయారీదారే కొంటే ఎంత పెరుగుతుందో కింద ఒక వాక్యం. గోదాములో రబ్బరు, గాజు, దీపాలు ఒక గుంపు, మిగతాది ఇంకో గుంపు. డైలను పూర్తి సెట్టు, ఫిక్చర్, ప్రెస్సు మూడూ ఉన్నవి, లేనివి అని విడదీశాను. 42లో 15 నిలబడ్డాయి. మిగిలిన 27 మడికొండ అన్న ధరకు. మొత్తం చూస్తే నా మొదటి అంచనాలో మూడో వంతు కూడా లేదు. మాస్టారు ఈసారి వెంటనే వెళ్లిపోలేదు. "డై ఎప్పుడైనా చేత్తో ముట్టుకున్నావా?" అని అడిగారు. లేదన్నాను.

మడికొండ పాత ఇనుము · శనివారం, ఉదయం 6.30

27 డైలకు నా ధర వేశావు, బాగుంది. క్రేను, గ్యాసు, లారీ తీసేశావా?

ముట్టుకోవాలంటే ఆదివారం యార్డుకు రా. నిన్ననే ఒక షెడ్డు నుంచి ఆరు డైలు దిగాయి, సోమవారం కోతకు పెడతాను.

హన్మకొండ మెకానికల్ · శనివారం, ఉదయం 7.05

తీసేయలేదన్నా, ఇప్పుడు సరిచేస్తాను. ఆదివారం పదింటికి వస్తాను. టేపు, టార్చి తెచ్చుకుంటాను.

మడికొండ పాత ఇనుము · శనివారం, ఉదయం 7.12

తీగ బ్రష్షు కూడా తెచ్చుకో. టూల్‌రూం ఆయన చెప్పినప్పటి నుంచి కోయడానికి చేయి ఆడటం లేదు, పక్క గోడలు రుద్ది చూడాలి.